స్కూటరక్క చెయ్యి విరిగినప్పుడు

స్కూటరక్కకు ఆ పేరు రాకముందు ఆమె స్కూటర్లమ్మే షోరూంలో పనిచేసేది. షోరూం మూతపడింది. ఏం చేయాలో పాలుపోక కొన్నాళ్లు వంటింట్లో డబ్బాలన్నీ కడిగింది, కడిగినవే మళ్లీ కడిగింది. చివరికి ఆడవాళ్లకు బండి నేర్పుతానని అట్టమీద రాసి గేటుకు తగిలించింది. ఆ వీధివాళ్లే ఇద్దరు వచ్చి నేర్చుకున్నారు. ఆ తర్వాత పిట్ట కూడా రాలేదు.

"బోర్డు ఎవరు చూస్తారక్కా? జనం తలెత్తి నడిస్తేగా!" అంది ఫొటో స్టూడియోలో పనిచేసే తోటికోడలు. "అందరి తలకాయలూ ఫోన్లోనే ఉన్నాయి. నువ్వూ అందులోకే దూరాలి."

మొదటి వీడియోకి స్కూటరక్క తెగ ముస్తాబైంది. ముఖానికి పౌడరు దట్టించి, కొత్త బట్టలు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా బిగుసుకుని నిలబడింది. చూసినవాళ్లంతా చుట్టాలే. వాళ్లలోనూ ఒకావిడ ఫోన్ చేసి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. ఇంకో నాలుగు వీడియోలు తీశారు. వాటి గతీ అంతే.

అప్పట్లో మందుల షాపు నడిపే ఒకావిడ నేర్చుకోవడానికి వచ్చేది. యాభై దాటిన మనిషి. తిన్నగా ఎంత దూరమైనా నడిపేది కానీ మలుపు కనబడితే చాలు, రెండు కాళ్లూ నేలకు ఆనించేసేది. ఒకరోజు పొద్దున్న స్కూటరక్క ఆమె పక్కనే మైదానంలో పరుగు తీస్తోంది.

"చక్రాన్ని చూడకండి, అదెక్కడికీ పారిపోదు! తిరగాల్సిన వైపు చూడండి!"

"పడిపోతానమ్మా!"

"పడితే నా మీదేగా పడేది! మెత్తగానే ఉంటాను, రండి!"

మందుల షాపావిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వులో పడి మలుపు తిరిగేసింది. తిరిగిన సంగతి ఆమెకే ఆలస్యంగా తెలిసింది.

గోడమీద కూర్చున్న తోటికోడలు అదంతా ఫోన్లో తీసేసింది. పెట్టమంటారా అని అడిగితే మందుల షాపావిడ, "పెట్టేయండి. ఈ వయసులో నీకెందుకన్నవాళ్లందరూ చూడాలి," అంది.

చూశారు. ఎక్కడెక్కడివాళ్లో చూశారు. ఫోన్ మోగడం మానలేదు, మైదానం నిండింది. "మా అమ్మ ఇది చూసి మూలపడ్డ బండి దుమ్ము దులిపింది," అని ఎవరో రాసిన కామెంటును స్కూటరక్క భర్తచేత పదేపదే చదివించుకుంది.

పేరు వెనకే ప్రచారం చేసిపెడతానంటూ ఒకాయన వచ్చాడు.

"మీరిప్పుడు మామూలు మనిషి కాదు మేడమ్, బ్రాండు!"

"మా అక్కని మనిషిగానే ఉండనివ్వండి," అంది తోటికోడలు. కానీ స్కూటరక్కకు ఆ మాట తియ్యగానే తగిలింది. ఆయన తెచ్చిన నల్లకళ్లద్దాలు పెట్టుకుంది. బండి నడుపుతూ ఒక చెయ్యి వదిలేసి కెమెరాకేసి నవ్వమన్నాడు. వదిలింది, నవ్వింది. దారిలో ఇసుక ఉంది. ముందు చక్రం జారి, మణికట్టు విరిగింది. ఆయన ఆసుపత్రి దాకా వచ్చి, కళ్లద్దాలు తీసుకుని వెళ్లిపోయాడు.

"వీడియోలన్నీ తీసెయ్. నేర్పే మనిషే పడితే ఇంకెవరొస్తారు?" అంటూ స్కూటరక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

"తీసేస్తే ఊరు నోటికొచ్చింది అల్లుతుంది. జరిగింది జరిగినట్టు నువ్వే చెప్పక్కా."

పౌడరు లేదు, దువ్వెన లేదు. మంచం మీద దిండుకు ఆనుకుని, చేతి కట్టు చూపిస్తూ చెప్పింది. "మిమ్మల్ని చెయ్యొద్దన్న పనే నేను చేశాను. ఫోన్లో గొప్పగా కనబడాలని చేశాను. మీరు మాత్రం చెయ్యకండి. కట్టు విప్పేదాకా క్లాసులు లేవు. ఏమీ అనుకోకండి."

వెక్కిరింపులు వస్తాయనుకుంది. కొన్ని వచ్చాయి కూడా. కానీ వాటికంటే ముందు మందుల షాపావిడ వచ్చింది.

"మైదానంలో కొత్తవాళ్లు నిలబడున్నారు, ఏం చెయ్యను?"

"వెనక్కి పంపించేయండి."

"ఎందుకూ? మేమంతా చచ్చామా?"

ఆ రోజునుంచి పాత శిష్యురాళ్లే వంతులవారీగా నేర్పారు. స్కూటరక్కను కుర్చీలో కూర్చోబెట్టి, ఎండ తగలకుండా ఒకావిడ గొడుగు పట్టేది. ఆమె అక్కణ్నుంచే "బ్రేకు! బ్రేకు!" అని గొంతు చించుకునేది. ఒంటిచేత్తో జడ వేసుకోలేకపోతోందని చూసి, బ్యూటీపార్లర్ నడిపే శిష్యురాలు రోజూ వచ్చి తల దువ్వింది. అంతకుముందు భర్త దువ్వితే పిచ్చుకగూడులా ఉండేది పాపం.

కట్టు విప్పిన వారం స్కూటరక్క మైదానంలో నిలబడి ఒక వీడియో చేసింది. ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి, ఎవరేం చేశారో వివరంగా చెప్పి, దణ్ణం పెట్టింది. గొడుగు పట్టినావిడను రెండుసార్లు పిలిచింది.

"ఇంత పొడుగు వీడియో ఎవరు చూస్తారక్కా?" అంది తోటికోడలు ఫోన్ వెనకనుంచి.

"చూడకపోతే పోనీ. వీళ్లు వింటున్నారు, చాలు. ఇంకొకరు మిగిలారు. నువ్విటు రా."

"నేనెందుకూ? నేను ఫోన్ పట్టుకున్నానంతే!"

"ఎవరైనా దీని చేతిలోంచి ఆ ఫోన్ లాక్కోండమ్మా!"

మందుల షాపావిడ లాక్కుంది. తోటికోడలు కొంగుతో ముఖం దాచుకుంది. స్కూటరక్క ఆమెను దగ్గరికి లాక్కుని, బాగైన చేత్తో గట్టిగా పట్టుకుంది.