ఆక్సిజన్ ఇవ్వని నాలుగు బిళ్ళలు

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వేరే పని చూసుకునేదాన్ని. ఇప్పుడూ అంతే. కెమిస్ట్రీ చెప్పి రిటైరయినదాన్ని. తూచి, కొలిచి, రాసుకున్నదే నమ్ముతాను. ఈ సంగతి కూడా అలా కొలిచి రాసుకున్నదే. అందుకే ఇన్నేళ్ళయినా మింగుడుపడదు.

డెబ్బైల మొదట్లో తెనాలిలో ఒక కాలేజీలో పనిచేసేదాన్ని. కాపురం రేపల్లెలో. చీకటితోనే లేచి వంట చేసి, పిల్లలకు క్యారేజీలు సర్ది, పాసింజరు పట్టుకునేదాన్ని. భట్టిప్రోలు దాటేసరికి కూర్చున్నచోటే కునుకు పట్టేది. క్లాసుల మధ్య పిహెచ్.డి. పని. ఆరేళ్ళయినా తెమల్లేదు.

నా పనంతా వేరే లోహాలు కలిపిన కోబాల్టు ఆక్సైడు మీద. పొడిని నల్లటి బిళ్ళలుగా నొక్కి ఫర్నేసులో కాల్చేదాన్ని. చల్లారేటప్పుడు ఎనిమిది గంటలు ఆక్సిజన్ పంపాలి. ఆక్సిజన్ నిండుగా పడితే బిళ్ళలోంచి కరెంటు సులువుగా పోతుంది. బాగా చల్లబరిస్తే అయస్కాంతానికీ లొంగుతుంది. కాస్త తగ్గిందా, రెండు గుణాలూ పోతాయి. నాకు ఎప్పుడూ కాస్త తగ్గేది.

ఆ ఫర్నేసుకు తీగ చుట్టింది కోటయ్య గారు. కాలేజీ వెనకవీధిలో మోటార్లు బాగుచేసే షాపు ఆయనది. భార్య రత్తమ్మకు ఉబ్బసం. ఆయనకు అన్నం తెచ్చినప్పుడు లాబ్‌లోకి తొంగిచూసేది. ఒకసారి, ఆ బిళ్ళలు ఏం చేస్తాయని అడిగితే చెప్పాను.

"అయితే గాలి చాలకపోతే అవీ నాకు మల్లే పనికిరావన్నమాట అక్కా" అని నవ్వింది.

యూనివర్సిటీ ఇచ్చిన చివరి గడువు ఆ నెలాఖరుకు ముగుస్తుంది. ఎన్నో నెలలు తిరిగితే ఒక ఆక్సిజన్ సిలిండరు వచ్చింది. ఆ రోజు పదకొండింటికి, నాలుగు బిళ్ళలు ఫర్నేసులో ఎర్రగా కాలుతుండగా, సిలిండరు మర తిప్పబోతున్నాను. కోటయ్య గారు వచ్చారు. చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు.

"రత్తమ్మకి ఊపిరి అందట్లేదమ్మా. నర్సింగుహోములో సిలిండరు అయిపోయింది. గుంటూరు నుంచి లారీ సాయంత్రానికి గాని రాదంట. మీ దగ్గరున్నది పనికొస్తుందని డాక్టరు గారు చీటీ రాశారండి."

నేను వెంటనే సరేననలేదు. సిలిండరు వైపు చూశాను. గడువు గుర్తొచ్చింది. "కొంచెంసేపు ఆగండి" అన్నాను. ఆయన గుమ్మంలో నిలబడ్డారు. పది నిమిషాలు గడిచి ఉంటాయి. తర్వాత సిలిండరు నేనే పట్టి రిక్షాలోకి ఎక్కించాను.

రిక్షా వెళ్ళిన పావుగంటకు కరెంటు పోయింది. ఫర్నేసు దాని మానాన అది చల్లారింది. బిళ్ళలు పాడైనట్టే. తలుపు తాళం వేసి ఇంటికి పోయాను.

రత్తమ్మ మూడో రోజు పోయింది. పలకరించడానికి వెళ్తే కోటయ్య గారే నన్ను కూర్చోబెట్టారు.

"మీ సిలిండరుతో ఆ పూట తేరుకుందమ్మా. మా చిన్నదానికి జడేసింది" అన్నారు.

ఆ పది నిమిషాల మాట నా నోట రాలేదు.

కాలేజీకి తిరిగొచ్చి తాళం తీశాను. పారేసేముందు రాసుకోవాలి కదా అని బిళ్ళలు కొలిచాను. నాలుగింటిలోనూ కరెంటు ఎప్పుడూ లేనంత బాగా పోయింది. బ్యాటరీ మార్చాను. తీగలు మార్చాను. అదే లెక్క. తూస్తే బరువు పెరిగి ఉంది. ఒక బిళ్ళలో ముక్క కరిగించి పరీక్షిస్తే ఆక్సిజన్ నిండుగా ఉంది.

ఒక బిళ్ళను విశాఖపట్నంలో మా గైడుగారికి పంపాను. అయస్కాంత పరీక్షలోనూ అంతే వచ్చిందని, బాగా చేశావని జాబు రాశారు. ఆక్సిజన్ ఎన్ని గంటలు ఇచ్చావని అడిగారు.

సీసాలో మిగిలిన పొడి తీసుకుని బాపట్లలో ఒక స్నేహితురాలి లాబ్‌కు వెళ్ళాను. ఆక్సిజన్ లేకుండానే కాల్చి, మధ్యలో కరెంటు ఆపి చల్లార్చాను. రావలసినట్టే పనికిరాని బిళ్ళలు వచ్చాయి. తెనాలిలో మా ఫర్నేసులో మళ్ళీ చేసినా అంతే.

నోటుబుక్కులో రాసుకున్నట్టే థీసిస్ పట్టికలోనూ ఆక్సిజన్ గంటల దగ్గర సున్నా వేశాను. గైడుగారు వేలు పెట్టి చూపించారు.

"టైపు తప్పా అమ్మా?"

"కాదండి. ఇవ్వలేదు."

"మరి ఎక్కడి నుంచి వచ్చింది?"

"తెలియదండి."

 ఆయన పెన్సిలుతో ఆ నాలుగు బిళ్ళల వరసలూ కొట్టేశారు. వాదించే ఓపిక నాకూ లేదు. పాత బిళ్ళల లెక్కలతోనే డిగ్రీ వచ్చింది.

ఫర్నేసులో ఎక్కడో చిల్లు ఉందేమోనని, తూచడంలో పొరపడ్డానేమోనని, దుఃఖంలో ఏదో మరిచానేమోనని అన్నీ ఆలోచించాను. ఒక్కటీ నిలబడలేదు. రత్తమ్మకూ దీనికీ సంబంధం ఉందని నేను అనను. లేదనీ అనలేను. నా నోటుబుక్కులో ఆ సున్నా అలాగే ఉంది. అది నేను వేసిందే. అంతవరకే నాకు తెలుసు.