జేబులో గొంతు

కొందరికి డబ్బు పిచ్చి, కొందరికి పేరు పిచ్చి. ఈయనకు జాగ్రత్త పిచ్చి. ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. బోల్టులు, బేరింగులు, గ్రీజు డబ్బాలు ఉండే గదికి ఆయనే దిక్కు. ఎవరైనా వచ్చి ఒక బోల్టు అడిగితే సొంత పన్ను పీకి ఇస్తున్నట్టు మొహం పెట్టేవాడు. అక్కడితో ఆగితే ఉద్యోగధర్మమని సరిపెట్టుకోవచ్చు. ఆయనకు ఇల్లూ స్టోరే. కొత్త దుప్పట్లు బీరువాలో, చిరుగులవి మంచం మీద. టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు, ఆ కవరుకు రబ్బరు బ్యాండు. మంచి గొడుగు తడిసిపోతుందని వానలో బయటికి తీసేవాడు కాదు. నడుముకు వేలాడే గుత్తి చప్పుడు విని వీధిలో వాళ్ళు ఆయనకు తాళాలాయన అని పేరు పెట్టారు. పాపం, ఆయన దాన్ని బిరుదు అనుకున్నాడు.

ఆయన భార్యకూ వీధి ఒక పేరు పెట్టింది. మరకలమ్మ. రెండు సందుల అవతల ఉన్న డ్రై క్లీనింగ్ షాపులో కౌంటరు ఆవిడదే. బట్ట విప్పీ విప్పగానే మరక దేనిదో, ఎన్నాళ్ళదో చెప్పేసేది. మరక దేనిదో తెలియకుండా మందు వేస్తే బట్ట పాడవుతుంది కనుక ఆ ప్రశ్న అడగక తప్పదు. జనం ఆ ప్రశ్నకు నిజం చెప్పిన పాపాన పోరు. "టీ ఒలికిందండీ" అని కాలరు చూపించిన పెద్దమనిషితో, "టీ మెడ మీదుగా తాగరు కదండీ. జుట్టుకు వేసుకునే రంగు ఇది. సిగ్గుపడకండి, పోతుంది" అనేది. పదిమందిలో అలా అనిపించుకున్నవాళ్ళు కూడా మళ్ళీ అక్కడికే వచ్చేవారు. అంత పదును ఉన్న నోరు ఇంట్లో మొగుణ్ణి ఊరికే వదిలేదా? గొడుగు దగ్గర మొదలుపెట్టి గ్రీజు దాకా ఉతికి ఆరేసేది. ఆయన వింటూ అన్నం తినేవాడు.

అలాంటి నోరున్న ఆవిడకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, శబ్దం పోయింది. పెదవులు కదిలేవి, బయటికి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. కాగితం మీద రాసి చూపించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి తాళాలాయనకు కళ్ళజోడు కనపడటం మానేసింది. పాత చెప్పుల పెట్టెకు కూడా తాళం వేసి దాచే మనిషి కళ్ళజోడు, భార్య పెన్ను పట్టుకోగానే మాయమైపోయేది.

షాపు ఓనరమ్మ మంచి మనిషి. ఇంటికొచ్చి పక్కన కూర్చుని సూటిగానే చెప్పింది. "నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టలేదమ్మా. కానీ కౌంటరు ముందు జనం నిలబడి ఉంటే మనం కాగితాలు రాసుకుంటూ కూర్చోలేం కదా. ఎలాగో ఒకలా మాట్లాడే ఏర్పాటు చేసుకో. నెలాఖరు దాకా ఆగుతాను, ఆ తర్వాత నా వల్ల కాదు."

ఏర్పాటు దొరికింది. అక్షరాలు నొక్కితే పైకి చదివి వినిపించే ట్యాబ్ ఒకటి ఆస్పత్రిలో ఎవరి దగ్గరో చూసి వచ్చారు. ఇంట్లో ఉన్నవి రెండూ బటన్ ఫోన్లే, పెద్ద ఫోన్లు దొంగలకు కనపడతాయని. కాబట్టి ట్యాబ్ తప్పదు. కొత్తది కొనడం తాళాలాయన ఒంటికి పడదు కనుక ఎవరో వాడి వదిలేసినది తెచ్చాడు. నాలుగు రోజులు పలికి అదీ కళ్ళు తేలేసింది. నొక్కితే నల్లటి తెర.

ఆయన ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతను దాన్ని తిప్పి చూసి చెప్పాడు. "లోపలి మెమరీ పోయింది సార్. మిగతాదంతా బాగానే ఉంది. నడవడానికి కావలసినదంతా బయటి డ్రైవులో పెట్టి ఇస్తాను, దాన్నుంచి స్టార్ట్ చేసుకోండి." అగ్గిపెట్టెంత డ్రైవు. దాన్ని ట్యాబ్‌కు గుచ్చి, సౌండు తగ్గించే బటను నొక్కిపట్టి ఆన్ చేస్తే, కాసేపు ఆలోచించుకుని తెర వెలిగేది. డ్రైవు ఉన్నంతసేపే దాని ప్రాణం. తీస్తే ఉత్త అద్దం ముక్క.

ఇక తాళాలాయన గాల్లో తేలాడు. చచ్చిన ట్యాబ్‌ను తానే బతికించానని వీధంతా చెప్పుకుని, పక్కింటివాళ్ళను పిలిచి కూర్చోబెట్టి, "ఏదీ, అందరికీ నమస్కారం చెప్పు" అన్నాడు, చిలకను ఆడించేవాడిలా. ఆవిడ తాపీగా అక్షరాలు నొక్కింది. ట్యాబ్ ఎత్తుపల్లాలు లేని గొంతుతో చదివింది: "అందరికీ నమస్కారం. దీన్ని బాగుచేసింది ఆఫీసులో కంప్యూటర్లతను. మా ఆయన దీన్ని బస్సులో మోసుకొచ్చారు." పక్కింటివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడకు ఆ రోజు ఆకలి వేసింది, ఆపరేషన్ తర్వాత మొదటిసారి.

మర్నాడు పొద్దున ఆవిడ షాపుకు బయలుదేరుతుంటే ఆయన ట్యాబ్ అందుకుని, డ్రైవు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమే, అర్థం చేసుకో. షాపులో ఎక్కడైనా పెట్టి మరిచిపోతే? ఎవడైనా ఎత్తుకుపోతే? ఇది పోతే నీ మాట పోయినట్టే. నా దగ్గరుంటే భద్రం. సాయంత్రం వచ్చి ఇస్తాగా, తీరిగ్గా మాట్లాడుకుందువుగాని."

ఆవిడ పెదవులు ఏమన్నాయో ఆయన చూడలేదు, తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నాడు. ఆ విధంగా ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది, ఆవిడ మాట మాత్రం రోజూ ఫ్యాక్టరీకి వెళ్ళి, బోల్టుల మధ్య కూర్చుని, సాయంత్రం బస్సులో తిరిగొచ్చేది. వచ్చాక కూడా తిన్నగా దక్కేది కాదు. ట్యాబ్‌కు ఉన్నది ఒకటే చిల్లు, ఛార్జరుకూ డ్రైవుకూ అదే. ఛార్జింగు పెడితే మాట లేదు, మాట్లాడితే ఛార్జింగు లేదు. రెండూ కుదిరే చిన్న డబ్బా ఒకటి బజారులో దొరుకుతుందట. తాళాలాయన దాన్ని దుబారా కింద కొట్టేశాడు.

నెలాఖరు దగ్గరపడింది. ఒక సాయంత్రం ఆవిడ ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని తాడోపేడో తేల్చుకోవాలని కూర్చుంది. సోమవారం నుంచి షాపుకు వెళ్తున్నాను, డ్రైవు నా దగ్గరే ఉంటుంది అని వినిపించింది.

"ఇప్పుడు నీకు ఇంట్లో ఏం తక్కువైందని?" అన్నాడాయన.

ఆవిడ వేళ్ళు చకచకా కదిలాయి. ట్యాబ్ చదవసాగింది. "నా మాట తక్కువైంది. పగలంతా దాన్ని మీరు జేబులో వేసుకుని తిరుగుతున్నారు. ఒక్కపూట మీ నోటికి తాళం వేసి నేను బజారుకు వెళ్తే మీరు..."

ఆయన చెయ్యి చాచి డ్రైవు లాగేశాడు. తెర నల్లబడింది.

"వేడెక్కింది. కాస్త రెస్టు ఇవ్వాలి దానికి" అని, డ్రైవు జేబులో వేసుకుని, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాడు. ఏ మొగుడికీ దక్కని సౌకర్యం తనకు దక్కిందని ఆయనకు ఆ గుక్కలోనే తెలిసి ఉండాలి. ఎందుకంటే మర్నాడూ వేడెక్కింది, ఆ మర్నాడూ వేడెక్కింది. ఆవిడకు మొదటి రోజు ఒళ్ళు మండింది. మూడో రోజుకు అసహ్యం వేసింది. ఇన్నేళ్ళు ఈయన్ని ఒట్టి పిసినారి అనుకుని ఊరుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళాక బటన్ ఫోను తీసి కంప్యూటర్లతనికి మెసేజి పెట్టింది, ఇంకో డ్రైవు చేసిస్తారా అని. అతను మధ్యాహ్నం భోజనం వేళ బండి వేసుకుని తనే వచ్చి, గుమ్మంలో నిలబడి డ్రైవు చేతికిచ్చాడు.

"ఒకటి పాడైతే ఇబ్బంది పడతారని మొదట్లోనే రెండు చేసి సార్‌కిచ్చానమ్మా. రెండోదాని మీద మీ పేరు కూడా రాశాను. అదీ పాడైందా?"

ఆవిడ వెనక్కి తిరిగి తాళం వేసిన బీరువా వైపు చూసింది. కొత్త దుప్పట్ల మధ్య ఎక్కడో తన మాట ఇంకొకటి చుట్టబెట్టి ఉందన్నమాట. స్పేరు పార్టు. అతనికి చేతులు జోడించి పంపేసి, కొత్త డ్రైవు కొంగున ముడి వేసుకుంది.

సోమవారం షాపు తెరిచేసరికి మరకలమ్మ కుర్చీలో ఉంది. ఓనరమ్మ రెండు చిల్లుల డబ్బా కొని తెచ్చి తనే తగిలించింది. కొత్త గొంతు కౌంటరుకు అచ్చొచ్చింది. దానికి కోపం రాదు, నవ్వు రాదు, అందుకని ఎదుటివాడికి వాదించే దారి దొరకదు. "మరక దేనిది?" "ఉత్త నీళ్ళేనండి." "నీళ్ళకు ఇంత వాసన ఉండదు. సరిగ్గా చెప్పండి." ఎదుటివాడు నీళ్ళు నమిలి నిజం చెప్పేవాడు.

సాయంత్రం ఆవిడ ఖాళీ చేతులతో ఇంటికొచ్చింది. తాళాలాయన అప్పటికే డ్రైవు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. "ట్యాబ్ ఏదీ?" ఆవిడ షాపు ఉన్న వైపు వేలు చూపించి వంటపనిలో పడింది. మూడో డ్రైవు సంగతి కంప్యూటర్లతనే ఆయనకు మర్నాడు అమాయకంగా చెప్పేశాడు.

మొదటి రెండు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉందని మురిసిపోయాడు. తర్వాత తువ్వాలు ఎక్కడుందని అడిగితే వేలు, పాలవాడు వచ్చాడా అంటే తల ఊపు. స్టోరులో ఎవడో బేరింగు కొట్టేశాడని చెబితే అదీ లేదు. మునుపైతే "ఆ స్టోరులో ఎత్తుకుపోకుండా మిగిలింది మీరొక్కరే" అనేది. తిట్టించుకోవడానికైనా ఒక మనిషి కావాలని అంత వయసొచ్చాక తెలిసొచ్చింది మహానుభావుడికి. కళ్ళజోడు దానంతటదే దొరికింది. పెట్టుకుని, కాగితం పెన్ను తెచ్చి ముందు పెట్టి, "రాయి, చదువుతాను" అన్నాడు. ఆవిడ పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టింది.

ఒక రోజు సెలవు పెట్టి, చొక్కా ఒకటి మడతపెట్టుకుని షాపుకు వచ్చి, వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే కౌంటరు మీద పెట్టాడు.

"నమస్కారం. మరక దేనిది?" అంది ట్యాబ్, అందరినీ అడిగినట్టే.

"తెలీదు. ఎప్పటిదో, పాతది."

ఆవిడ చొక్కా దగ్గరికి తీసుకుని వాసన చూసింది. "ఇవాళ పొద్దుటి కాఫీ. ఒలికింది కాదు. ఒకేచోట గుండ్రంగా పోశారు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన గొంతు తగ్గించాడు. "సాయంత్రం దాన్ని ఇంటికి తీసుకురాకూడదా? ఒక్క గంటసేపైనా."

"వెనక మనుషులున్నారు" అంది ట్యాబ్.

ఏ బట్టనైనా లోపలికి పంపేముందు కౌంటరులో జేబులు తడిమి చూడాలి. ఆవిడ ఆ చొక్కా జేబులో వేళ్ళు పెట్టింది. రెండు డ్రైవులు తగిలాయి. రెండోదాని మీద ఆవిడ పేరు ఉంది. నీవి నువ్వే ఉంచుకో అని నోటితో అనలేక ఆ పెద్దమనిషి కాఫీ పోసుకుని ఇంత దూరం వచ్చాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన చూపు దించుకున్నాడు. ఒక్క క్షణం ఆవిడకు జాలి వేసింది, ఆ జాలి మీద వెంటనే విసుగూ వేసింది. రెండు డ్రైవులూ తీసి కౌంటరు మీద పెట్టి ఆయన వైపు జరిపింది. అక్షరాలు నొక్కింది.

"జేబులో ఉన్నవి షాపు ఉంచుకోదు. మీవి మీరు తీసుకెళ్ళండి. చొక్కా గురువారం."