శనివారం ఇంజనాయిలు

మా హైస్కూల్లో సైన్సు చెప్పే వీరప్ప సారుకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. పాలవాడు నీళ్లు కలుపుతాడని పాలు కొలిచే గాజు గొట్టం కొన్నాడు. దర్జీ గుడ్డ మిగుల్చుకుంటాడని చొక్కా గుడ్డ తూకం వేసి ఇచ్చి, కుట్టిన చొక్కాను, కత్తిరించిన ముక్కల్ని కలిపి మళ్లీ తూకం వేసి తీసుకునేవాడు. అలాంటి మనిషి రెండువేల నాలుగులో హిందూపురం డాక్టరొకాయన దగ్గర ఒక పాత తెల్ల మారుతీ కారు కొన్నాడు. సోమందేపల్లెలో మా వీధికి అదే మొదటి కారు. ఇక మెకానిక్కులను నమ్ముతాడా? వాళ్లు పాత ఆయిలునే వడగట్టి మళ్లీ పోస్తారనీ, ఆయిలు మార్చుకోవడం చదువుకున్నవాడు ఇంట్లోనే చేసుకోవాల్సిన పని అనీ స్టాఫ్ రూములో ఎనిమిది నెలలు ఉపన్యాసం చెప్పాడు.

నేను అదే బడిలో తెలుగు అయ్యవారిని. పేరు తిప్పన్న. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక మొండిగోడ, అంతే. ఆయనంటే నాకు కడుపుమంట ఉందని ముందే ఒప్పుకుంటాను. ఒకసారి ప్రార్థన సమయంలో ఆరువందల మంది పిల్లల ముందు నా చేతిసంచిలోంచి పంచాంగం లాగి పైకెత్తి చూపించాడు. "చూడండి పిల్లలూ, మన తెలుగు సారు బల్లి అరిస్తే బయటికి పోడు. మీరట్లా కావద్దండి" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ తరువాత ఏడాది పాటు నేను నల్లబల్ల వైపు తిరిగితే చాలు, వెనక బెంచీలో ఎవడో ఒకడు బల్లిలాగా కిచకిచమనేవాడు.

ఇంతకీ ఈ విజ్ఞాన ఖని ఇంట్లో శనివారం నాడు నూనె చుక్క గడప దాటి లోపలికి రాకూడదు. కొనకూడదు, అప్పు తేకూడదు, ఊరికే ఇచ్చినా పుచ్చుకోకూడదు. ఈ సంగతి ఆయన భార్య రామలక్ష్మమ్మక్క మా ఆవిడకు గోడ మీద నుంచి చెప్పింది. ఒక శనివారం చుట్టాలొస్తే పోపుకు నూనె లేక మా ఇంట్లో ఒక గిన్నెడు తీసుకుందట. సారు కనిపెట్టి, ఆ చుట్టాల ముందరే గిన్నె మా ఇంటికి తిప్పి పంపించాడు. పైగా నెలకోసారి పావగడకు పోయి శనీశ్వరుడికి తైలం పోసి వస్తాడు. ఎందుకు పోయినావు సారూ అంటే ఆడ చింతపండు బాగుంటుందంటాడు. ఇంటిల్లిపాదీ ఏడాదంతా మూడు పూటలా పులుసే తిన్నా ఖర్చు కానంత చింతపండు ఆ ఇంట్లో ఉంది.

కారు కొన్న మరుసటి సంవత్సరం వేసవి మొదట్లో రామలక్ష్మమ్మక్క తమ్ముడు బయ్యన్న ఇల్లు కట్టుకున్నాడు. తనకల్లు నుంచి మూడు మైళ్లు లోపలికి పోవాలి వాళ్ల ఊరికి. చెనక్కాయ పండిన ఏడు గోడ లేపి, ఎండిన ఏడు ఆపి, అట్లా ఏడేండ్లు కట్టాడు. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు గృహప్రవేశం. కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. బయ్యన్నకు ఉన్న ఒక్క తోబుట్టువు ఈమే. "పాలు మా అక్క చేతి మీదనే పొంగాల. నువ్వు రాకుంటే ముహూర్తమే లేదనుకో" అని వారం ముందు వచ్చి చెప్పిపోయాడు. అక్క పెనుకొండకు పోయి కొత్త ఇత్తడి గిన్నె కొనుక్కొచ్చింది. దాన్ని చింతపండుతో తోమి తోమి మా ఆవిడకు మూడుసార్లు చూపించింది. కారు కొన్న ఎనిమిది నెలల్లో ఆమె దాంట్లో పుట్టింటికి పోయింది లేదు. ఈసారి శనివారం పొద్దున్నే కార్లో బయలుదేరి పోదామని సారే మాటిచ్చాడు. ఆమె ముఖంలో ఆ వారం ఉన్న వెలుగు నేను అంతకు ముందు చూడలేదు.

ఆ రోజు రెండో శనివారం, బడికి సెలవు. పొద్దున ఏడుగంటలకే గోడ అవతల బండలు దొర్లుతున్న చప్పుడు. పోయి చూస్తే సారు బనియనూ పంచెతో రెండు కడప బండల మీదికి కారు ముందు చక్రాలు ఎక్కించి నిలబెట్టాడు.

"ఏం సారూ, ఊరికి పోతాండారు గదా?" అన్నాను.

"పోయేదానికే ఇదంతా. దూరం పోయే ముందు ఆయిలు మార్చాల. అరగంట పని" అన్నాడు.

అరగంటలో సగం ఉపన్యాసానికే పోయింది. స్నిగ్ధత అంటే ఏమి, వేడెక్కితే ద్రవం ఎందుకు పలచనవుతుంది, అన్నీ చెప్పాడు. తరువాత కారు కిందికి దూరి, ఆయిలు దిగే కన్నానికి బిగించిన నట్టు పానాతో విప్పాడు. విప్పడం మాత్రం విప్పాడు, తల పక్కకు తీసుకోవడం మరిచాడు. నల్లటి ఆయిలు సగం టబ్బులోకి, సగం మీసాల్లోకి వచ్చింది. నేను లోపల లోపలే నవ్వుకున్నాను. నట్టును చొక్కాకు తుడిచి... కాదు, చొక్కా లేదు, బనియన్‌కు తుడిచి లేచాడు. కొక్కేనికి తగిలించిన చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు.

అంతలో ఎద్దులబండి నాగప్ప అటుగా పోతూ టబ్బు చూశాడు. "సారూ, ఆ మడ్డి ఆయిలు నాకియ్యి సామీ, బండి ఇరుసుకు పనికొస్తాది" అన్నాడు. పాత ఆయిలు ఇంక దేనికీ పనికిరాదని మరో రెండు నిమిషాలు బోధించి, క్యాను నింపి ఇచ్చి పంపించాడు సారు.

"మరి కొత్త ఆయిలు యాడుంది?" అని అడిగాను.

"ముందే కొంటారేమప్పా తెలివి లేనోళ్లు? పాతదాని చిక్కదనం చూసి గదా కొత్తది ఏ రకమో తేల్చాల్సింది" అన్నాడు. జేబు తడుముకుని చెప్పులేసుకున్నాడు. హైవే మీద ఆయిలు అంగడి నూరు గజాలు కూడా ఉండదు.

అప్పుడు నా నాలుక ఊరుకోలేదు. ఆరువందల మంది పిల్లల నవ్వు చెవిలో మోగింది. "పోయిరండి సారూ. అయినా ఈపొద్దు శనివారం గదా, నూనె కొనొచ్చునా?" అన్నాను.

గేటు దగ్గర ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలిచిపోయింది. తిరిగి వచ్చి కారుకు ఆనుకుని కూర్చున్నాడు.

రామలక్ష్మమ్మక్క అప్పటికే తలంటి పోసుకుని, పట్టుచీర కట్టుకుని, సంచీ వాకిట్లో పెట్టుకుని ఉంది. సంగతి అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది. "అది ఇంజనాయిలప్పా! దాంతో వడలు కాలుస్తామా? దానికి శనివారమేంది?" అంది.

"నూనె నూనే. రసాయనికంగా చూస్తే అన్నీ ఒకటే జాతి" అన్నాడు సైన్సు సారు.

"అట్లయితే కదిరి బస్సు పదకొండుకు ఉండాది. నేను పోతా."

"ఉండబ్బా, కార్లో తీసుకపోతానని చెప్తాండా గదా. ఒక ఉపాయం ఉండాది. ఇంకో అరగంట."

ఆ ఉపాయం ఏమిటంటే, కొన్న నూనె కదా దోషం, పాత ఆయిలు మనదే కదా, దాన్నే తెచ్చి తిరిగి పోసుకుంటే సరి. మెకానిక్కులు చేస్తారని ఎనిమిది నెలలు తిట్టిన పని అదే. ఇద్దరం నాగప్ప ఇంటికి పోయాం. నేనెందుకు పోయానంటే, చూడ్డానికి పోయాను. నాగప్ప ఇరుసుకు పూసి, మిగిలింది చెదలు పట్టకుండా తలుపులకు పూస్తున్నాడు.

"వెనక్కియ్యాల్నా?" అని నోరు తెరిచాడు. "సారూ, శనివారం పూట మీ అంతట మీరు తైలం దానమిచ్చినారు. మీ మీదుండే శని ఆ తైలంతో పాటు నా గడపకొచ్చి కూచున్యాడు. ఇప్పుడు దాన్ని మళ్లా ఎత్తుకపోతారా? నాకేం పోతాది, ఎత్తుకపోండి."

సారు రెండడుగులు వెనక్కి వేశాడు. మేము తిరిగి వస్తుంటే హైవే మీద కదిరి బస్సు హారను కొడుతూ పోయింది.

మధ్యాహ్నమంతా ఆ ఇంట్లో పెద్ద సదస్సే నడిచింది. వేరే ఎవరితోనైనా కొనిపిస్తే? వస్తువు గడపలోకి వస్తుంది కాబట్టి కుదరదు. కారును వీధిలోకి తోసి అక్కడే పోస్తే? కారు మనది కాబట్టి అదీ కుదరదు. దుడ్లు సోమవారం ఇస్తే? అప్పు తెచ్చిన నూనె కాబట్టి మరీ చెడ్డది. రెండు గంటల బస్సు కూడా పోయింది. ప్రతి బస్సుకూ "ఇంకో అరగంట" అన్నాడు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అనలేదు. నేను మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ ఇదంతా వింటున్నాను. ఏ వస్తువుకు ఏ దోషమో, ఏ దోషానికి ఏ మినహాయింపో పంచాంగం చదివేవాణ్ని, ఒక్క మాట చెబితే ఆయన వినేవాడే. "యంత్రానికి దోషం లేదు సారూ" అంటే అయిపోయేది. అనలేదు. నాకు ఆ రోజు అంత బాగుండింది.

నాలుగు దాటాక రామలక్ష్మమ్మక్క లేచింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని హైవే వైపు నడిచింది. కాసేపటికి మూడు లీటర్ల ఆయిలు డబ్బా చంకన పెట్టుకుని, వీధి వీధంతా చూస్తుండగా వచ్చింది. సారు గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"వద్దు లక్ష్మీ, శని పడతాడు!"

"పట్టనీ. ఇరవై రెండేండ్లాయ నాకు పట్టి. ఇంకో శని వచ్చి కొత్తగా చేసేదేముండాది?" అంది.

వీధిలో ఒక్కరూ నవ్వలేదు. నేను మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టేశాను. ఆమె గడప దాటి వచ్చి డబ్బా ఆయన చేతిలో పెట్టింది. సారుకు ఇక దారి లేదు. కళ్లు మూసుకుని, పెదాలతో ఏదో జపిస్తూ, పై మూత తీసి మొత్తం మూడు లీటర్లూ పోశాడు. ధార సన్నగా, బంగారంలా పడుతోంది. పోసిన కొద్దీ పడుతోంది. ఎంత పోసినా నిండినట్టు లేదు.

కారు కింద చూసింది నేనే. బండల మధ్య నుంచి కొత్త ఆయిలు కాలువ కట్టి తులసికోట వైపు పోతోంది. మా నేల సంగతి తెలిసిందే, ఏది పోసినా వద్దనదు, కళ్ల ముందే తాగేసింది. విప్పిన నట్టు ఆయన చొక్కా జేబులో ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. నూనె గురించి అంత తర్కం చేసిన మనిషికి కన్నం మూయాలన్న సంగతి తట్టలేదు.

రామలక్ష్మమ్మక్క ఆ ఆయిలు వైపు చూసింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. లోపలికి పోయి, ఇత్తడి గిన్నెను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని బయలుదేరింది. సంచి నేను పట్టుకుంటానక్కా అని లేచాను. "కూచోప్పా, చూసినావు కదా, చాల్లే" అంది. నేరుగా కదిరికి పోయే బస్సులు అయిపోయాయి కాబట్టి ఐదుంపావుకు పెనుకొండ బస్సు ఎక్కింది. పెనుకొండలో దిగి పుట్టపర్తి బస్సు, అక్కడ దిగి కదిరి బస్సు పట్టుకోవాలి. కదిరి నుంచి వాళ్ల ఊరికి ఆఖరి బస్సు రాత్రి ఎనిమిదింటికి.

సోమవారం స్టాఫ్ రూములో వీరప్ప సారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. నేను రాగానే మొదలుపెట్టాడు.

"చూసినావా తిప్పన్నా? మూఢనమ్మకం, మూఢనమ్మకం అంటారు. శనివారం నూనె గడప దాటింది. ఏమాయ? చుక్క మిగల్లా. ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ. మూడూ నీ కండ్ల ముందే జరిగినాయి."

"నట్టు మీ జేబులో ఉండె గదా సారూ" అన్నాను.

"ఉండింది. కాదనలేదు. దాన్ని నా జేబులో పెట్టించిందెవురు? అది ఆలోచించు" అన్నాడు.

ఆలోచించాను. రెండు పీరియడ్లు నల్లబల్ల వైపు తిరిగి నిలబడి అదే ఆలోచించాను. తప్పు ఎవరిదని లెక్క వేస్తే, సారు పేరు వచ్చిన ప్రతిచోటా దాని పక్కనే నా పేరు కూడా వస్తోంది.

బుధవారం సాయంత్రం రామలక్ష్మమ్మక్క బస్సు దిగి వచ్చింది. పట్టుచీర నలిగిపోయి, అడుగంచు దుమ్ము కొట్టుకుని ఉంది. మా ఆవిడ గోడ మీద నుంచి చెంబుతో నీళ్లిచ్చింది. ఆమె తాగి, ముఖం కడుక్కుని, పుట్టపర్తిలో బస్సు ఆలస్యమైందని చెప్పింది. కదిరి చేరేసరికి తొమ్మిది దాటిందట. తెల్లవారేదాకా బస్టాండులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆరింటి మొదటి బస్సుకు పోయిందట. తువ్వాలులో చుట్టిన గిన్నె ముడి విప్పకుండా అట్లనే సంచిలో ఉంది.

ఏదో ఒకటి మాట్లాడాలని, మాట్లాడకుండా ఉండలేక, "పాలు బాగా పొంగినాయా అక్కా?" అని అడిగాను.

ఆమె చెంబు గోడ మీద పెట్టింది.

"పొంగినాయంట" అంది.