బ్యాటరీ రేవు మీదే ఉంది

దయ్యాలను నమ్మేవాళ్లతో మా ఇంట్లో ఎవరూ వాదించేవాళ్లు కాదు. నవ్వి ఊరుకునేవాళ్లం. మా తాత కార్ఖానాలో ఒక సాంచ, అంటే మరమగ్గం, దానంతటదే ఆడుతోందని పనివాళ్లు రెండు రోజులు దాని దగ్గరికి పోకుంటే, ఆయన అందరినీ నిలబెట్టి, పుల్లీ మీద పక్కకు జారుతున్న బెల్టును చూపించాడట. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. చప్పుడు వినిపిస్తే కారణం వెతుకుతాను. ఇప్పుడు రాయబోయేదానికి కూడా వెతికాను. దొరకలేదు కాబట్టే రాస్తున్నాను.

మాది సిరిసిల్ల దిక్కు. తాత ఠాణే దగ్గరి భివండికి వచ్చి, అక్కడి కామత్‌ఘర్‌లో సాంచాలు పెట్టాడు. నాన్న కాలంలో మా కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచాలు నడిచాయి. మా పేరు చెబితే చాలు, ఆటోవాడు ఇల్లు ఎక్కడని అడగకుండా తీసుకొచ్చేవాడు. తర్వాత అవన్నీ ఒక్కొక్కటిగా పాత ఇనుము కింద తూకానికి పోయాయి. ఆ కథ ఇక్కడ రాయను. ఈ ఊళ్లో చాలా ఇళ్ల కథ అదే. మాకు మిగిలింది ఇంటిపేరు, ఒక పడవ.

భివండిలో పడవ ఏమిటని అనుకోవద్దు. ఊరి పక్కన ఖాడీ ఉంది. సముద్రం పోటుకు కాలువలా నిండుతుంది, పాటుకు బురద తేలుతుంది. చివరి సాంచ పోయాక నాన్న చేపలు పట్టే ఒక కోలీ ముసలాయన దగ్గర పాత పడవ కొన్నాడు. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. పనులకు పోయేవాళ్లను, కూరగాయల బుట్టలను అవతలి ఒడ్డుకు దాటించేవాడు.

ఆయన పక్కన మల్లయ్య ఉండేవాడు. మా కార్ఖానాలో ముప్పై ఏళ్లు జాబర్, అంటే సాంచాలు చెడితే బాగుచేసే మనిషి. మా సొంతూళ్లో గుంట భూమి లేక నాన్న వెంట ఇక్కడికి వచ్చినవాడు. సాంచాలు పోయాక కూడా అతను పోలేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. సాంచాలు ఆడుతుంటే మాట వినపడదు. అందుకని ఆగిన సాంచను మళ్లీ నడిపించే ముందు, చేతులు తీయమన్నట్టు పానాతో పక్క ఇనుము మీద కొడతారు. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. నాన్న సేటు అయినా పని నేర్చిన సేటు. ఆయనది రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఒకటి. పడవ కొన్నాక కూడా ఆ అలవాటు పోలేదు. సెల్ఫ్ నొక్కే ముందు ఇంజన్ పెట్టె మూత మీద రెండు దెబ్బలు, ఆగి ఒకటి. నీళ్ల మీద ఎవరి చేతులు నలుగుతాయని నేను ఒకసారి అడిగితే నవ్వి సెల్ఫ్ నొక్కాడు.

నిరుడు వానలు వెనకబట్టే రోజుల్లో నాన్న గుండెజబ్బుతో పోయాడు. కర్మలన్నీ అయ్యాక రేవుకు పోయాను. అక్కడ లచ్చవ్వ టీ కొట్టు ఉంది. ఆమె ఒకప్పుడు మా కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న మల్లయ్య నన్ను చూసి లేచాడు.

"చిన్న సేటూ, ఒక మాట. నా తర్వాత పడవ నువ్వే నడుపుకో అని పెద్ద సేటు నాతోని అన్నడు."

"ఎప్పుడన్నడు?"

"దవఖానకు పోయే ముందటి రోజు. గీ బల్ల మీదనే."

"కాగితమేమన్న ఉన్నదా?"

"మనకాడ కాగితాలు ఎప్పుడున్నయి చిన్న సేటూ? అంత నోటి మాటనేనాయె."

అది నిజమే. మా తాత పెట్టుకున్న మనుషులంతా నోటి మాట మీదే వచ్చారు, నోటి మాట మీదే ఉన్నారు. కానీ ఆసుపత్రిలో తొమ్మిది రోజులు నాన్న మంచం పక్కన కూర్చున్నది నేను. ఫ్యాను గురించి మాట్లాడాడు. పక్క మంచం మనిషి దగ్గు గురించి మాట్లాడాడు. పడవకు తారు పూయాలన్నాడు. ఈ మాట మాత్రం అనలేదు. మా ఉప్పు తిన్నవాడు, నాన్న నోరు మూతపడగానే ఆ నోట్లో మాటలు పెడుతున్నాడని నాకు అనిపించింది. ఇక పడవ ఎక్కవద్దని మల్లయ్యకు అక్కడే చెప్పాను. అతను మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు. లచ్చవ్వ గిన్నెలు కడగడం ఆపి మా వైపు చూసింది.

అప్పటినుంచి పడవ నేనే చూసుకున్నాను. మెకానిక్కును పిలవలేదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లలో తినే సోడా కలిపి కడిగి, ఆరాక వాజ్‌లీన్ రాశాను. గడుల్లో డిస్టిల్డ్ వాటర్ పోశాను. వదులైన బెల్టు బిగించాను. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు లోపలికి వచ్చేచోట ఒక జల్లెడ ఉంటుంది. ప్రతి వారం దాంట్లోంచి గుప్పెడు దారపు చిక్కు తీసేవాణ్ణి. అదంతా కార్ఖానాల నుంచి ఖాడీలోకి కొట్టుకొచ్చే చెత్త.

లచ్చవ్వ ఊరుకునేది కాదు. "ఏంది సేటూ, ఇస్త్రీ అంగితోని ఇంజన్ల తల వెడుతున్నవు? జర పైలం. అంగి నల్లగైతే మీ తాత లేచొస్తడు."

ఒక తప్పు చేశాను. సాంచాల ఇంట్లో పుట్టినవాడు మాత్రమే చేసే తప్పు. మేం ఏది తుడిచినా కార్ఖానాలో మిగిలిన నూలు పోగుల ఉండతోనే తుడుస్తాం. డీజిల్ ట్యాంకు లోపల కూడా దానితోనే తుడిచాను. ఆ పోగులు పైపులోకి పోయి, ఆరుగురు మనుషులతో ఖాడీ నడుమ ఇంజన్ ఆగింది. గట్టు మీది నుంచి మల్లయ్య కేక వేశాడు. "పోగులు వడ్డట్టున్నయి చిన్న సేటూ, ఫిల్టరు ఇప్పు." నేను వినపడనట్టే ఉన్నాను. మిగతావన్నీ విప్పి చూశాను. రెండు గంటల తర్వాత ఫిల్టరు విప్పితే పోగులు అందులోనే ఉన్నాయి. దాన్ని కడిగి, పైపులోని గాలి తీశాక ఇంజన్ నడిచింది. పని నాకు వచ్చిందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మల్లయ్య రోజూ వచ్చి ఆ బల్ల మీదే కూర్చునేవాడు. అడిగేవాడు కాదు, పోయేవాడు కాదు. నేను లేనప్పుడు పడవ తీసుకుపోతాడేమోనని నాకు అనుమానం. అందుకని ఒక ఆదివారం బ్యాటరీ, ఫిల్టరు విప్పి ఇంటికి తీసుకుపోవాలనుకున్నాను. చేత్తో తిప్పే హ్యాండిల్ అంతకు వారం ముందే ఇంటికి చేర్చాను. పడవలో ఉన్న తన సామాను తీసుకుపొమ్మని మల్లయ్యకు చెప్పాను.

పట్టపగలు. మంచి ఎండ. ముందు డీజిల్ కాక్ మూశాను. బ్యాటరీ తీగలు రెండూ విప్పి కొనలకు టేపు చుట్టాను. మళ్లీ బిగించేటప్పుడు పొరపాటు రాకుండా ఫోటో తీసుకోవడం నా అలవాటు. ఆ ఫోటో ఇంకా ఫోన్లో ఉంది. టైము పదకొండు దాటి ఎనిమిది నిమిషాలు. బ్యాటరీని ఎత్తి రేవు రాళ్ల మీద, లచ్చవ్వ కొట్టుకు దగ్గరగా పెట్టి వచ్చాను. తర్వాత ఫిల్టరు గిన్నె విప్పాను. అది నా ఎడమ చేతిలో ఉంది, సగం డీజిల్‌తో. పానా నా మోకాలి ముందు ఉంది.

మల్లయ్య పడవలోకి దిగాడు. పలక కింద తన టిఫిన్ డబ్బా, ఒక దుప్పటి ఉన్నాయి. వంగి వాటిని తీసుకున్నాడు. రెండు చేతులూ నిండి ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. అతని మీద నాకు నమ్మకం లేదు కాబట్టి చూపు తిప్పలేదు.

పక్కకు ఆనించి పెట్టిన ఇంజన్ పెట్టె మూత మీద రెండు దెబ్బలు పడ్డాయి. కొంచెం ఆగి ఒకటి.

ఇంజన్ తిరిగింది. రెండు మూడు చుట్లు బరువుగా తిరిగి అందుకుంది. గొట్టంలోంచి నల్ల పొగ, తర్వాత తెల్ల పొగ వచ్చాయి. పక్క రంధ్రంలోంచి చల్లబరిచే నీళ్లు ఖాడీలోకి పడసాగాయి. నేను డీజిల్ పైపు కొస చూశాను. నోరు తెరుచుకుని పొడిగా ఉంది. టేపు చుట్టిన తీగలు రెండూ అదురుకు ఊగుతున్నాయి.

లచ్చవ్వ కొట్టులోంచి వచ్చి, రేవు మీదున్న బ్యాటరీని కాలితో తట్టి చూసింది. "బ్యాటరీ గీడున్నది గద సేటూ," అంది. మామూలుగానే అంది. ఆమె భయపడింది తర్వాత.

మల్లయ్య ఇంజన్ వైపు చూడలేదు. చుక్కాని దగ్గర నాన్న కూర్చునే చోటు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక టీ తాగేంతసేపు అట్లాగే ఉన్నాడు. "సరే సేటూ," అన్నాడు. నన్ను అతను ఎప్పుడూ చిన్న సేటూ అనే పిలుస్తాడు. తర్వాత డబ్బా, దుప్పటి పట్టుకుని రేవు ఎక్కాడు. అతని రెండో కాలు రాయి మీద పడగానే ఇంజన్ ఆగింది.

సిలిండర్ మీద చెయ్యి పెట్టాను. కాలింది. మచ్చ నెల రోజులు ఉంది.

కారణాలు వెతికాను. పంపులో మిగిలిన డీజిల్‌తో కొన్ని క్షణాలు నడవవచ్చు, అంతసేపు నడవదు. అసలు మొదట తిప్పాలంటే కరెంటు కావాలి, లేదా హ్యాండిల్ కావాలి. పోటు నీటికి పడవ కింది ఫ్యాను తిరిగి ఇంజన్‌ను తిప్పిందందామంటే అప్పుడు గేరులో లేదు. ఠాణే నుంచి వచ్చిన ఒక మెకానిక్‌కు ఇదంతా చెబితే, ఆ రోజు పొద్దున ఏం తాగారని అడిగాడు. మా వంశంలో తాగుడు లేదని చెప్పాను.

అతన్ని పిలవాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ ఆదివారం తర్వాత ఇంజన్ నాకు నడవలేదు. అన్నీ తిరిగి బిగించాను. కొత్త బ్యాటరీ వేశాను. సెల్ఫ్ తిరిగేది, ఇంజన్ అందుకునేది కాదు. మెకానిక్ దాన్ని ఊడదీసి తన షెడ్డులో బల్ల మీద పెడితే మొదటిసారికే నడిచింది. తెచ్చి పడవలో పెడితే నడవలేదు. మూడు నెలలు ఇదే జరిగింది.

చివరకు కామత్‌ఘర్‌లో మల్లయ్య గదికి పోయాను. అతను శాంతి నగర్‌లో ఒక కార్ఖానాలో బట్ట మడతపెట్టే పనికి పోతున్నాడు, ఆ వయసులో. నన్ను చూసి కుర్చీ కోసం పక్కింటికి పోబోతే వద్దని చాప మీద కూర్చున్నాను.

"ఆ రోజు సరే అని ఎవరితోని అన్నవు మల్లయ్యా?"

"నీకు తెల్వదా?"

"మా నాయిన ఆ మాట నాకెందుకు చెప్పలే?"

అతను చాప అవతలి కొసన కూర్చున్నాడు. "అడుగకుంటె మంచిగుండు. నేనే అన్న, చిన్న సేటుకు గూడ ఒక మాట చెప్పుండ్రి అని. చెప్తె వాడు కాదంటడు మల్లయ్యా, వాడు కాదన్నంక నాకు నీ మొఖం చూసుడు గాదు, అన్నడు పెద్ద సేటు."

నేను కాదనేవాణ్ణా? ఇప్పటికీ నాకు తెలియదు. నన్ను అడగలేదు. నలభై నాలుగేళ్లు ఆయన కొడుకుగా ఉన్నాను. ఎప్పుడూ ఆయన మాట జవదాటలేదు. ఆయన మాత్రం నా జవాబు తనే చెప్పేసుకుని పోయాడు.

మరుసటి వారం పడవను మల్లయ్య పేర రాసిచ్చాను. దానికి నోటి మాట చాలదని కాగితం మీదే రాశాను. అతను ఎక్కి సెల్ఫ్ నొక్కితే ఇంజన్ అందరి ఇంజన్లలాగే నడిచింది. అందులో వింత ఏమీ లేదు, బ్యాటరీ ఉంది, డీజిల్ ఉంది. ఇప్పుడూ నడుస్తోంది. అవతలికి పనిబడితే నేను రోడ్డు చుట్టు తిరిగి ఆటోలో పోతాను.

ఆ ఆదివారం నేను భయపడ్డానా అని కొందరు అడిగారు. లేదు. నాన్న పెద్దకర్మ చేసింది నేను. మాసికాలు తప్పకుండా పెట్టింది నేను. ఆ కాసేపు ఆయన నిజంగా ఆ పడవలో ఉండి ఉంటే, నేను ఆయనకు మూడడుగుల దూరంలో ఉన్నాను. మల్లయ్య కోసం ఇంజన్ నడిపించాడు. నా వైపు చూశాడో లేదో కూడా నాకు తెలియదు. బ్యాటరీ లేకుండా అది ఎట్లా నడిచిందో చెప్పగలవాళ్లు ఎవరైనా ఉంటే వింటాను. ఆయన నా వైపు చూశాడా అన్నది మాత్రం ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు.