ఎర్ర సిరా సున్నాలు

నాకు కోపం ఎక్కువ. ఆరో తరగతికి లెక్కలు చెప్పేవాళ్లకి అదొక అర్హత అనుకునేదాన్ని. కూర్మన్నపాలెం దగ్గర మా ప్రైవేటు బడిలో ఒక ఆనవాయితీ ఉండేది. యూనిట్ టెస్టులో సున్నా వస్తే ఆ పేపరు తరగతి ముందు ఎత్తి చూపించాలి. ఒకమ్మాయి పేపరు చాలాసార్లు ఎత్తాను.

చివరికి టీసీ ఇచ్చి పంపేద్దామని హెడ్మాస్టరు ఆ పిల్ల తండ్రిని పిలిపించారు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే మనిషి, యూనిఫాంలోనే వచ్చాడు.

"మా పాప మొద్దేటి సార్? వచ్చే నెల ఇరవయ్యో తారీకున నాకు ఏ షిఫ్టు పడతాదో కేలెండరు సూడకుండా సెప్పేత్తాది!"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అతని నోరు మూయిద్దామనే పేపరు తీశాను. బోర్డు మీద నేను రాసింది 36 ఇంటూ 14. పిల్ల దింపుకున్నది 63 ఇంటూ 14. జవాబు 882. ఊరికే గుణించి చూశాను. సరిగ్గా 882! కింది లెక్కా అంతే, దాని కిందదీ అంతే. అంకెలు తారుమారయ్యాయి గానీ లెక్క ఒక్కటీ తప్పలేదు. అక్షరాలూ అంకెలూ ఇలా తారుమారయ్యే డిస్లెక్సియా గురించి బీఈడీలో బట్టీ పట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాను నేను. ఎందుకు, తగలెయ్యడానికా?

"ఈ పిల్లకి ప్రశ్నలు చదివి వినిపించాలి సార్," అన్నాను.

"ఒకరికి చదివితే అందరూ అడుగుతారు టీచర్."

"అడగనివ్వండి! కళ్లజోడు తీసేసి ఆ టీసీ మీరు చదవండి చూద్దాం!" అని అరిచాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. ఒక్క టెస్టు చూద్దామన్నారు. అందులోనూ తప్పితే టీసీయే.

వరండాలో కూర్చోబెట్టి ఒక్కో లెక్కా చదివాను. కళ్లు మూసుకుని జవాబులు చెప్పింది. ఇరవై ఐదుకి ఇరవై ఒకటి. టీసీ మళ్లీ సొరుగులోకి పోయింది. ఏదో ఘనకార్యం చేశానని ఆ సాయంత్రమంతా పొంగిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల స్టాఫ్ రూముకి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో పాత పేపర్లు, మడతపెట్టి దాచుకున్నవి. అన్నిటి మీదా నా చేతి సున్నాలే.

"ఇయి కూడా దిద్దుతారా టీచర్?"

దిద్దాను. మొదటి పీరియడులో వాటిని తరగతి ముందు ఒక్కొక్కటే ఎత్తి చూపించాను. ఈసారి తప్పెవరిదో కూడా చెప్పాను.