చలికాలంలో పలికిన బల్లి

నిన్న గుర్‌గావ్‌లోని మా ఫ్లాటుకి పురుగుల మందు కొట్టడానికొచ్చినాయన వంటింటి మూలలన్నీ తడిపి, "అబ్ ఏక్ భీ ఛిప్‌కలీ నహీ దిఖేగీ, సర్" అని, ఇక ఒక్క బల్లి కూడా కనబడదని భరోసా ఇచ్చి వెళ్లాడు. నిమ్మకాయనీ కిరసనాయిలునీ కలిపినట్టున్న ఆ వాసన ఇంకా పోలేదు. జీవితంలో నేను గెలిచిన ఒకే ఒక్క వాదన బల్లి గొంతుతో గెలిచానని అప్పుడు గుర్తొచ్చింది.

తొంభైల్లో ఢిల్లీ మునిర్కాలో మాది రెండు గదుల అద్దె వాటా. ఎండాకాలమంతా కూలర్లో తడిసిన వట్టివేళ్ల వాసన, బాల్కనీలో అమ్మ ఎండబెట్టిన ఊరమిరపకాయల ఘాటు, కింద గల్లీలో కుల్ఫీ బండి గంట, వీటన్నిటి మీదా ట్యూబులైటు వెనక కాపురముండే బల్లి టిక్‌టిక్‌లు. ఎవరైనా ఏదైనా అంటుండగా బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని మా ఇంట్లో నమ్మకం. అమ్మ వెంటనే "సత్యం, సత్యం" అంటూ వేలితో నేలమీద కొట్టేది. నాన్న ప్రమోషను, గ్యాసు బండ రాక, నా లెక్కల మార్కులు, అన్నీ అలా ఆమోదం పొందినవే. లెక్కల విషయంలో బల్లి కాస్త తొందరపడింది.

అమ్మ చెల్లెలు, మా పిన్ని, మా ఇంట్లోనే ఉండి సివిల్స్‌కి చదివేది. చలికి కప్పుకునే దూది రజాయిలో నన్ను పక్కన పడుకోబెట్టుకుని దేశాల రాజధానులు అప్పజెప్పించుకునేది. మొదటిసారి పరీక్ష తప్పింది. ఆ డిసెంబరులో అమ్మమ్మ భీమవరం నుంచి సున్నుండల డబ్బాతో, పిన్నిని వెంటబెట్టుకెళ్లాలన్న నిర్ణయంతో దిగింది.

పొగమంచు కమ్మిన సాయంత్రం, అందరం బొగ్గుల కుంపటి చుట్టూ చేరి వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాం.

"ఇంకొక్కసారి రాస్తానమ్మా. ఈసారి తప్పకుండా వస్తుంది," అంది పిన్ని.

అమ్మమ్మ గోడకేసి చూసింది. "బల్లిని పలకమను, ఉండిపోదువుగాని."

"ఇక్కడ చలికాలం బల్లులు పలకవమ్మా," అంది అమ్మ.

"ఏం, వాటికీ సెలవులేనా?"

సెలవులే. ఢిల్లీ చలికి గోడ పగుళ్లలో దూరితే హోలీ దాకా నోరు విప్పేవి కావు. పిన్ని తల వంచుకుని, ఒలిచిన తొక్కల్నే మళ్లీ ఒలుస్తోంది. నేను మెల్లగా ట్రంకు పెట్టె వెనక్కి జారి, నాలుక అంగిటికి ఆనించి, వేసవంతా సాధన చేసిన విద్య ప్రదర్శించాను. టిక్, టిక్, టిక్.

అమ్మమ్మ ట్రంకు పెట్టె వైపు ఒక్క క్షణం చూసింది. తాపీగా వంగి నేలమీద మూడుసార్లు కొట్టింది.

"సత్యం. ఉండవే."

తిరుగు రైలెక్కేముందు నా మెడకి మఫ్లరు బిగించి కడుతూ చెవిలో అంది: "మీ బల్లికి జలుబు చేసినట్టుందిరా. ముక్కెగబీలుస్తోంది."

పిన్ని ఆ ఏడూ తప్పింది. ఆ పై ఏడు పాసయింది. బల్లికి సంవత్సరాల లెక్క రాదు.

పెద్దయ్యాక చదివాను. ఈ గోడ నాదని ఇంకో మగబల్లిని బెదిరించడానికో, ఆడబల్లిని పిలవడానికో అది ఊపిరిని గొంతులోంచి తోసి చప్పుడు చేస్తుందట. మన మాటలతో దానికి నిమిత్తం లేదు. అమ్మమ్మ పోయేలోగా ఈ సంగతి ఆవిడకి చెప్పే వీలు చిక్కలేదు. చెబితే, "మరి నువ్వెందుకు పలికావురా?" అనేది.

ఇందాక పిన్ని ఫోన్ చేసింది. "వచ్చే నెల తప్పకుండా వస్తానురా," అంది. అలవాటుగా గోడకేసి చూశాను. పగులన్నది లేని తెల్లటి గోడ. సరే, నేనే నాలుకతో టిక్, టిక్, టిక్ అన్నాను. అమ్మమ్మ నేలమీద కొట్టిన ఆ మూడు దెబ్బల కోసం ఫోనుకి అటూ ఇటూ ఇద్దరం చెవులొగ్గాం.