కుసుమ ఒంట్లో చక్కెర

మందస దగ్గరి పల్లెలో ఉండే కుసుమకు ఇరవై ఎనిమిదేళ్లు. రోజూ బస్సెక్కి పలాస వెళ్లి, ఫ్యాక్టరీలో జీడిపప్పు మీది పొట్టు తీస్తుంది. భర్త ఢిల్లీబాబు కొబ్బరికాయల లోడింగుకు వెళ్తాడు. కూతురు అమ్ములుకు పదేళ్లు.

కుసుమ తండ్రి కూర్మయ్య కిడ్నీ జబ్బుతో పోయాడు. రెండేళ్లు ఆయన్ని డయాలసిస్‌కు తిప్పింది కుసుమే. చివరికి మొహం ఉబ్బిపోయి, ఎవరో పరాయి మనిషిలా కనిపించేవాడు. అందుకే ఊళ్లో వైద్యశిబిరం పెట్టినప్పుడల్లా ఏదో పని చెప్పి తప్పించుకునేది.

ఈసారి ఆశా కార్యకర్త సీతారత్నం ఇంటికొచ్చి మరీ లాక్కెళ్లింది. మూత్రంలో ముంచిన స్ట్రిప్ నిమిషంలో రంగు మారింది.

“చక్కెర పోతోందమ్మా. బాగా పోతోంది,” అంది నర్సు. రక్తం కూడా తీసుకుని, రిపోర్టు రెండు రోజుల్లో వస్తుందని చెప్పింది.

ఆ రెండు రోజులూ కుసుమ పనికి వెళ్లలేదు. కిడ్నీలు పాడయ్యేది ఆ నీళ్లతోనేనని ఊళ్లో అంటారని, బిందెలోని బోరు నీళ్లు పారబోసింది. గుమ్మంలో కూర్చుని చీలమండలు నొక్కి చూసుకుంటూనే ఉంది.

“ఏటి సేత్తన్నావే?” అన్నాడు ఢిల్లీబాబు.

“కాళ్లు వాచినాయి గావాల. సూడు.”

“ఎక్కడా వాపు నేదు.”

“నీకు తెల్దు. మా నాన్నకీ ముందు ఇలగే…”

రిపోర్టులో కిడ్నీలు బాగున్నాయని వచ్చింది. కుసుమ నమ్మలేదు. టెక్కలిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అడిగేసింది. “బాగుంటే సక్కెరెందుకు పోతాది డాక్టరమ్మా? కిడ్నీ సెడిపోబట్టే కదా?”

డాక్టరమ్మ మళ్లీ పరీక్షలు చేయించింది. పరగడుపున షుగర్ 132, తిన్నాక 172. కొంచెం ఎక్కువే. కానీ మూత్రంలోకి అంత చక్కెర దిగడానికి అది చాలదు.

“మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?”

“మా అమ్మకుంది. ముప్పై ఏళ్లు నిండకముందే వొచ్చీసింది. మనిషి పుల్లలాగుంటాది. మా అమ్మమ్మకీ ఉండేదంట.”

రాస్తున్న డాక్టరమ్మ తలెత్తి చూసింది. సన్నటివాళ్లకు చిన్న వయసులోనే, తల్లి నుంచి కూతురికి వస్తోందంటే ఇది మామూలు షుగర్ కాకపోవచ్చంది. జన్యుపరీక్ష కోసం కుసుమ రక్తాన్ని విశాఖపట్నం పంపారు. నెల రోజులు పట్టింది. ఆ నెలలో కుసుమ చిక్కి సగమైపోయింది.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. “కిడ్నీ రక్తాన్ని వడకట్టేటప్పుడు చక్కెర కూడా మూత్రంలోకి దిగిపోతుంది. దాన్ని వెనక్కి లాగే ప్రోటీన్లు కిడ్నీ కణాల్లో ఉంటాయి. వాటిని తయారుచేసే జన్యువు నీలో బాగానే ఉంది. కానీ అది దానంతటది పనిచేయదు. ఇంకో ప్రోటీన్ వచ్చి ఆ జన్యువు మొదట్లో అతుక్కుంటేనే కణం దాన్ని చదువుతుంది. ఆ రెండో ప్రోటీన్ కోసం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జన్యువులు వస్తాయి. నీకు ఒకటి పాడైంది. అందుకని వెనక్కి లాగేవి తక్కువగా తయారవుతున్నాయి. కిడ్నీ చెడిపోయి కాదు.”

“మరి షుగరు?”

“ఇన్సులిన్ తయారయ్యే కణాలకూ అదే ప్రోటీన్ కావాలి. చిన్న మాత్ర ఇస్తాను, సరిపోతుంది.”

కుసుమ ఊపిరి పీల్చుకుంది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. “ఇది మా అమ్మ నుంచి నాకొచ్చినాదా? అలగైతే నా పిల్లకో?”

“రావచ్చు, రాకపోవచ్చు. సగం సగం.”

అమ్ములు రక్తం ఇచ్చిన దగ్గర్నుంచి కుసుమకు అన్నం సహించలేదు. పిల్ల నీళ్లు తాగినా, బయటికెళ్లినా వెనకే నిలబడేది. నాలుగో వారం కబురొస్తే, పిల్లను తీసుకుని టెక్కలి వెళ్లింది. అమ్ములుకూ అదే లోపం ఉంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో అమ్ములు తల్లి చేయి పట్టుకుంది. “అమ్మా, తాతలాగ నాకూ మిషన్ పెడతారా?”

కుసుమ పిల్ల కళ్లలోకి చూసి అంది. “నేదమ్మా. అది యేరు, ఇది యేరు. నీకిప్పుడేటీ కాలేదు. ఏడాదికోసారి రత్తం సూపించుకుందుము. ఎక్కువైతే నాలాగ మాత్రేసుకుందువు.”

ఏడాది గడిచింది. కుసుమ షుగర్ అదుపులోకి వచ్చింది, అమ్ములు బాగానే ఉంది. కుసుమ తల్లి బొడ్డమ్మ కూడా ఇప్పుడు అదే డాక్టరమ్మ దగ్గర చూపించుకుంటోంది. భయం మాత్రం పూర్తిగా పోలేదు. ఏడాది పరీక్షలో కూతురి రిపోర్టు చేతికొస్తే, కుసుమ ల్యాబులోనే రెండుసార్లు చదివించుకుంది. అప్పటిదాకా కూర్చోలేదు.